న్యూయార్క్ రాత్రులను మూయించిన కాగితాలు

న్యూయార్క్‌లో కాస్త వయసు పైబడిన వాళ్ళను పాత క్లబ్బులు, హోటళ్ళ గురించి కదిలిస్తే చాలు, పేర్లు వరసగా వచ్చేస్తాయి. సవాయ్ బాల్‌రూమ్, స్టార్క్ క్లబ్, బర్డ్‌ల్యాండ్, ఆటోమాట్, ప్యారడైజ్ గరాజ్, సీబీజీబీ. ఎవరి వయసుకు తగ్గ జాబితా వాళ్ళది. ఎందుకు మూతపడ్డాయని అడిగితే మాత్రం జవాబు దాదాపు ఒక్కటే: రోజులు మారిపోయాయి. టీవీ వచ్చింది, రాక్ సంగీతం వచ్చింది, జనం శివార్లకు తరలిపోయారు, కుర్రకారు ఇష్టాలు వేరయ్యాయి.

ఇవన్నీ నిజాలే. కానీ ఒక్కో చోటునూ విడిగా తీసుకుని తవ్వితే చాలాసార్లు అడుగున ఓ కాగితం తగులుతుంది. లైసెన్సో, పన్ను చట్టమో, లీజు పత్రమో. ఆ రాత్రి విన్న పాట నలభై ఏళ్ళ తర్వాత కూడా గుర్తుంటుంది. ఆ పాట పాడటానికి గాయని పోలీసు ఆఫీసుకు వెళ్ళి వేలిముద్రలు ఇచ్చి రావాల్సి వచ్చిందన్న సంగతి ఎవరికీ గుర్తుండదు. అందుకే ఈ నగరపు రాత్రుల చరిత్రను జ్ఞాపకాలను మాత్రమే నమ్ముకుని చెబితే సగమే తెలుస్తుంది.

మద్యనిషేధం దగ్గర మొదలుపెడదాం. 1920 జనవరి నుంచి 1933 డిసెంబరు దాకా అమెరికాలో మద్యం అమ్మడం నేరం. దీనికి ముందు బలైనవి పద్ధతిగా నడిచే పెద్ద భోజనశాలలు. వైను మీద మిగిలే డబ్బుతోనే వాళ్ళు మంచి వంటవాళ్ళను పోషించేవారు. ఆ ఆదాయం పోయాక ఎంత పేరున్నా నిలబడటం కష్టమైంది. 1827లో మొదలై దాదాపు వందేళ్ళు నగరానికి తలమానికంగా ఉన్న డెల్మానికోస్ 1923లో తలుపులు మూసేసింది. వాటి స్థానంలో దొంగచాటు బార్లు పుట్టుకొచ్చాయి.

వాటిలో ఒకదాని పనితనం చెప్పుకుని తీరాలి. జాక్ క్రీండ్లర్, చార్లీ బర్న్స్ అనే బంధువులిద్దరు పడమర 52వ వీధి 21వ నంబరు ఇంట్లో నడిపిన బారుకు ఆ ఇంటి నంబరే పేరైంది. దాని నేలమాళిగలో ఓ ఇటుక గోడ ఉండేది. నిజానికి అది గోడ కాదు, రెండు టన్నులకు పైగా బరువున్న తలుపు. ఇటుకల మధ్య కంటికి ఆనని కన్నంలోకి పొడవాటి ఇనుప చువ్వ దూరిస్తేనే తెరుచుకునేది. తలుపు అవతల ఉన్న సీసాల గది పక్కింటి కింద, అంటే 19వ నంబరు కింద ఉండేది. కాబట్టి ‘ఈ ఇంట్లో మద్యం లేదండీ’ అని సిబ్బంది పోలీసులతో చెబితే అది అబద్ధం కాదు. పైన బారులో మీట నొక్కితే అరలు వంగిపోయి సీసాలన్నీ గొట్టంలోంచి కిందికి జారి పగిలిపోయేవి. నిషేధం ఎత్తేశాక కూడా ఆ చోటు దశాబ్దాల పాటు నడిచింది. చివరికి కొవిడ్ దెబ్బకు 2020లో ఆగిపోయింది.

ఈ దొంగాట కబుర్లు చెప్పుకోవడానికి బాగుంటాయి. కానీ ఆ పధ్నాలుగేళ్ళు నగరానికి ఒక అలవాటు నేర్పాయి. రాత్రిపూట పదిమంది చేరి పాడుకునే, ఆడే చోటంటే అది పోలీసులు కన్నేసి ఉంచాల్సిన వ్యవహారమని ప్రభుత్వం అనుకోవడం మొదలుపెట్టింది. నిషేధం పోయింది కానీ ఆ చూపు పోలేదు.

దానికి సాక్ష్యం నిషేధం నడుస్తుండగానే 1926లో వచ్చి, అది పోయాక కూడా నిలిచిన క్యాబరే చట్టం. తిండీ పానీయాలూ అమ్ముతూ సంగీతమో డాన్సో పెట్టే ప్రతి చోటూ నగరం దగ్గర ప్రత్యేక లైసెన్సు తీసుకోవాలన్నారు. శాంతిభద్రతల కోసమని పైకి చెప్పిన మాట. నల్లవాళ్ళ పేట హార్లెంలోని జాజ్ క్లబ్బుల్లో నల్లవాళ్ళూ తెల్లవాళ్ళూ కలిసి ఆడటం గిట్టకే ఈ చట్టం పుట్టిందని చాలామంది చరిత్రకారుల అభిప్రాయం. దాన్ని అమలు చేసిన తీరు చూస్తే నాకూ అలాగే అనిపిస్తుంది. తర్వాతి కాలంలో ఇచ్చిన మినహాయింపులే ఇందుకు రుజువు. పియానో, అకార్డియన్, తీగ వాయిద్యాలు ముగ్గురికి మించకుండా వాయించుకుంటే లైసెన్సు అక్కర్లేదన్నారు. డ్రమ్ములు, ట్రంపెట్, శాక్సొఫోన్ ఉంటే మాత్రం కావాలన్నారు. జాజ్‌కు ప్రాణం పోసే వాయిద్యాలన్నీ ఆ రెండో జాబితాలోనే ఉన్నాయి. ముగ్గురే ఉండాలనే ఈ లెక్కను కోర్టు 1988లో కొట్టేసింది. అంటే అరవై ఏళ్ళ పైచిలుకు ఓ చిన్న బారులో ఎంతమంది కూర్చుని ఏం వాయించాలో నగరపాలకులే నిర్ణయించారు.

1940లో ఈ చట్టానికి ఇంకో కోర మొలిచింది. లైసెన్సున్న క్లబ్బుల్లో పనిచేసే ప్రతి ఒక్కరూ, వాయిద్యగాడైనా వెయిటరైనా, పోలీసుల దగ్గర వేలిముద్రలు వేసి ఫొటోతో కార్డు తీసుకోవాలి. రెండేళ్ళకోసారి దాన్ని మళ్ళీ రాయించుకోవాలి. ఏదైనా కేసుంటే కార్డు ఇవ్వరు. ఉన్న కార్డును కూడా లాక్కోవచ్చు. కార్డు లేకపోతే నగరంలో ఏ క్లబ్బులోనూ పని లేదు. జాజ్ కళాకారుడికి ఆ రోజుల్లో న్యూయార్క్ క్లబ్బులో చోటు లేదంటే బతుకుతెరువు లేనట్టే.

జాజ్ పియానిస్టు థెలోనియస్ మంక్ సంగతి చూడండి. 1951లో స్నేహితుడు బడ్ పావెల్‌తో కలిసి కారులో ఉండగా పోలీసులకు మాదకద్రవ్యం దొరికింది. స్నేహితుడి మీద నోరు విప్పడానికి మంక్ ఒప్పుకోలేదు. జైలుకు వెళ్ళాడు, కార్డు పోయింది. ఆరేళ్ళు ఆ మహానుభావుడు తన సొంత ఊళ్ళో, తనను నెత్తిన పెట్టుకునే జనం మధ్య, ఏ క్లబ్బులోనూ మామూలుగా కూర్చుని పియానో వాయించే వీల్లేకపోయింది. 1957లో కార్డు తిరిగొచ్చాక ఫైవ్ స్పాట్ అనే చిన్న బారులో శాక్సొఫోన్ వాద్యకారుడు జాన్ కోల్ట్రేన్‌తో కలిసి నెలల తరబడి వాయించాడు. ఆ రాత్రులను జాజ్ అభిమానులు ఇప్పటికీ తలుచుకుంటారు. కానీ 1951 నుంచి 1957 దాకా జరగకుండా పోయిన రాత్రులకు జ్ఞాపకాలు లేవు. పాత క్లబ్బుల మీద బెంగతో రాసే రాతల్లో నాకు వెలితిగా తోచేది ఇదే. పోయిన చోట్ల లెక్క ఉంటుంది, అసలు పుట్టనివ్వని రాత్రుల లెక్క ఉండదు.

గాయని బిల్లీ హాలిడేది ఇంకా విచిత్రమైన పరిస్థితి. 1947లో మాదకద్రవ్యాల కేసులో జైలుకెళ్ళి 1948 మార్చిలో బయటికొచ్చింది. కార్డు మళ్ళీ చేతికి రాలేదు. కానీ కచేరీ హాళ్ళకు కార్డు అక్కర్లేదు. దాంతో విడుదలైన కొన్నాళ్ళకే కిక్కిరిసిన కార్నెగీ హాల్లో పాడింది. మూడువేల మంది ముందు పాడటానికి చట్టం అడ్డురాలేదు, వందమంది కూర్చునే బారులో పాడటానికి అడ్డొచ్చింది. ట్రంపెట్ వాద్యకారుడు మైల్స్ డేవిస్ 1959 ఆగస్టులో బర్డ్‌ల్యాండ్ అనే జాజ్ క్లబ్బులో వాయిస్తూ, విరామంలో గాలి కోసం బయట నిలబడ్డాడు. తలపైన బోర్డు మీద ఆయన పేరే ఉంది. కదలమన్న పోలీసుతో మాటా మాటా పెరిగింది, మరో పోలీసు తల పగలగొట్టాడు. దెబ్బలు తిన్నది ఆయనే, కార్డు సస్పెండయిందీ ఆయనదే. కేసు తర్వాత కోర్టులో నిలవలేదు. ఈ కార్డుల పద్ధతి 1967 దాకా సాగింది.

నగరం చేసింది ఇదైతే, కేంద్ర ప్రభుత్వం యుద్ధ ఖర్చుల కోసమని 1944లో క్యాబరే పన్ను పెంచింది. మొదట 30 శాతం, కొన్ని నెలలకే 20 శాతానికి తగ్గించారు. ఇది ఎలా పనిచేసేదో చూస్తే దాని దెబ్బ అర్థమవుతుంది. బ్యాండు వాయిద్యాలు మాత్రమే వాయిస్తుంటే పన్ను లేదు. ఎవరైనా మైకు ముందు గొంతు విప్పినా, జనం లేచి డాన్సు చేసినా ఆ చోటు క్యాబరే కిందికి వస్తుంది. అప్పుడు ఒక్క టికెట్టు మీదే కాదు, తిన్న తిండి మీద, తాగిన పానీయం మీద కూడా పన్ను పడుతుంది. ఐదు డాలర్ల బిల్లు ఆరు డాలర్లవుతుంది. అదంతా భరించలేని చిన్న యజమానులు ఏం చేస్తారు? గాయనిని మాన్పించారు, ‘డాన్సు చేయరాదు’ అని బోర్డు పెట్టారు, డాన్సు చేసే చోట నాలుగు బల్లలు వేశారు. ఈ పన్ను 1960లో 10 శాతానికి దిగి, 1965 చివర్లో పూర్తిగా పోయింది. అప్పటికి ఇరవయ్యేళ్ళు గడిచిపోయాయి.

జాజ్ డాన్సు సంగీతం నుంచి కూర్చుని వినే సంగీతంగా మారడానికి ఈ పన్నే కారణమని కొందరు రాస్తారు. అంత పెద్ద మాట అనడం సరికాదని నా ఉద్దేశం. బీబాప్ అనే కొత్త జాజ్ శైలికి పునాది పడిన హార్లెం అర్ధరాత్రి బైఠకులు పన్ను పెరగకముందే మొదలయ్యాయి. పన్ను కొత్త సంగీతాన్ని పుట్టించలేదు గానీ పాత డాన్సుకు నేల లేకుండా చేసింది.

ఆ నేల ఎలా ఉండేదో తెలియాలంటే సవాయ్ బాల్‌రూమ్ దగ్గరికి రావాలి. 1926లో హార్లెంలోని లెనాక్స్ అవెన్యూ మీద, 140, 141 వీధుల మధ్య ఉన్న స్థలమంతా ఆక్రమించి లేచిన రెండో అంతస్తు హాలు అది. పక్కపక్కనే రెండు వేదికలు. ఒక బ్యాండు ఆపేలోపే రెండోది అందుకునేది, కాబట్టి రాత్రంతా సంగీతం తెగేది కాదు. చిక్ వెబ్ బ్యాండులో కుర్రదానిగా ఎల్లా ఫిట్జ్‌జెరాల్డ్ పాడిందక్కడే. లిండీ హాప్ డాన్సు పెరిగి పెద్దదైంది అక్కడే. మేపుల్ చెక్కతో వేసిన నేల ఆడేవాళ్ళ అడుగులకు అరిగిపోతుంటే కొన్నేళ్ళకోసారి మార్చి కొత్తది వేసేవారు. అన్నిటికంటే ముఖ్యం, ఆ తలుపు అందరికీ తెరిచే ఉండేది. ఏ రంగువాళ్ళయినా రావచ్చు, ఎవరితోనైనా ఆడొచ్చు. 1943లో అధికారులు సైనికుల ఆరోగ్యం పేరు చెప్పి దాన్ని కొన్ని నెలలు మూయించారు. రెండు జాతులవాళ్ళు కలిసి ఆడటమే అసలు కంటగింపని హార్లెం జనం అప్పుడే అన్నారు. 1958లో ఇళ్ళ సముదాయం కట్టడానికి ఆ హాలును కూలగొట్టేశారు.

దానికి కూతవేటు దూరంలో, 142వ వీధి మూలన 1923 నుంచి కాటన్ క్లబ్ ఉండేది. వేదిక మీద డ్యూక్ ఎల్లింగ్టన్, క్యాబ్ కాలోవే లాంటి నల్లజాతి సంగీతకారులు. బల్లల దగ్గర తెల్లవాళ్ళు మాత్రమే. యజమాని ఓనీ మాడెన్ అనే గ్యాంగ్‌స్టర్. హార్లెం నడిబొడ్డున ఉన్న ఆ క్లబ్బులోకి హార్లెం మనుషులు వాద్యగాళ్ళుగానో వెయిటర్లుగానో తప్ప అడుగుపెట్టలేకపోయారు. ఇవాళ ఆ రెంటిలో ప్రపంచానికి ఎక్కువ తెలిసింది కాటన్ క్లబ్బే. అక్కడినుంచి రేడియోలో కార్యక్రమాలు దేశమంతా వినిపించాయి, పత్రికల వాళ్ళు వచ్చి కూర్చుని రాశారు. ఎవరి చేతిలో మైకూ కెమెరా కలమూ ఉంటే వాళ్ళ జ్ఞాపకమే ఊరందరి జ్ఞాపకంగా చెలామణీ అవుతుంది.

స్టార్క్ క్లబ్ యజమాని షెర్మన్ బిల్లింగ్స్‌లీకి ఈ సంగతి బాగా తెలుసు. ఒకప్పుడు దొంగసారా వ్యాపారం చేసిన మనిషి. 1929లో మొదలుపెట్టి, తర్వాత తూర్పు 53వ వీధికి మారి, సినిమా తారలకూ ధనవంతులకూ దాన్ని అడ్డాగా చేశాడు. వాల్టర్ విన్చెల్ అనే కాలమిస్టు 50వ నంబరు బల్ల దగ్గర కూర్చుని దేశమంతా చదివే కబుర్లు రాసేవాడు. ఎవరు ఎవరితో వచ్చారో ఫొటోలు పత్రికలకు చేరేవి. ఎల్ మొరాకో అనే మరో క్లబ్బు సీట్లకు చారల చారల గుడ్డ వేయించింది, ఫొటో చూడగానే ఎక్కడ తీసిందో తెలియాలని. మనం ఇవాళ ‘ఆ రోజుల వైభవం’ అని తలుచుకునే బొమ్మల్లో చాలా మటుకు ఆ రోజుల ప్రచారం కోసం తీసినవే.

1951 అక్టోబరులో జోసెఫిన్ బేకర్ స్నేహితులతో అక్కడ భోజనానికి వెళ్ళింది. ప్యారిస్ నెత్తిన పెట్టుకున్న నల్లజాతి కళాకారిణి. స్టేక్ తెమ్మని చెప్పింది, గంట గడిచినా రాలేదు. అది పెద్ద గొడవై పత్రికలకెక్కింది. 1957లో కార్మిక సంఘాలను గుర్తించనని బిల్లింగ్స్‌లీ పంతం పట్టాడు. సమ్మె మొదలైంది, గుమ్మం ముందు నిరసనకారులు ఏళ్ళ తరబడి నిలబడ్డారు. వాళ్ళను దాటుకుని లోపలికి వెళ్ళడానికి చాలామంది పేరున్నవాళ్ళకు మనసొప్పలేదు. 1965 అక్టోబరులో క్లబ్బు మూతపడింది. స్థలం సీబీఎస్ ప్రసార సంస్థ అధిపతి విలియం పేలీ చేతికి వెళ్ళి, 1967లో జలపాతం ఉన్న చిన్న పార్కు అయింది. స్టార్క్ క్లబ్ గురించి బెంగపడేవాళ్ళు రాక్ సంగీతం వచ్చి దాన్ని చంపేసిందంటారు. ఎనిమిదేళ్ళ సమ్మె మాట తక్కువమంది చెబుతారు.

అందరికీ తలుపు తెరిచిన మరో చోటు కెఫే సొసైటీ. 1938లో బార్నీ జోసెఫ్‌సన్ గ్రీనిచ్ విలేజ్‌లో పెట్టాడు. నల్లవాళ్ళనూ తెల్లవాళ్ళనూ పక్కపక్క బల్లల దగ్గర కూర్చోబెట్టాడు. 1947లో ఆయన అన్న లియాన్‌ను కమ్యూనిస్టుల వేటలో ఉన్న అమెరికా చట్టసభ కమిటీ పిలిచింది. కాలమిస్టులు బార్నీ మీద కూడా విరుచుకుపడ్డారు, జనం రావడం మానేశారు. 1940లు ముగిసేసరికి ఆ క్లబ్బు లేదు.

పోలీసులతో, రాజకీయాలతో పనిలేకుండా పోయినవీ ఉన్నాయి. ఆటోమాట్ అలాంటిది. హార్న్ అండ్ హార్డార్ట్ కంపెనీ 1912లో టైమ్స్ స్క్వేర్ దగ్గర తెరిచిన హోటల్లో గోడ నిండా చిన్న చిన్న అద్దాల తలుపులు. ఐదు సెంట్ల నికెల్ నాణెం వేసి పిడి తిప్పితే తలుపు తెరుచుకుని ‘పై’ అనే వంటకం ముక్కో బీన్స్ గిన్నెనో చేతికొచ్చేది. కాఫీ డాల్ఫిన్ తల ఆకారంలో ఉన్న కొళాయి నుంచి పడేది. డాలరు ఇస్తే గాజు గదిలో కూర్చున్న ఆడవాళ్ళు లెక్కపెట్టకుండా వేళ్ళ స్పర్శతోనే ఇరవై నికెళ్ళు విసిరేవారు. బిచ్చగాడైనా బ్యాంకు మేనేజరైనా ఒకే బల్ల. మాంద్యం రోజుల్లో ఉచితంగా దొరికే వేడినీళ్ళలో కెచప్ కలుపుకుని టమాటా సూప్‌గా తాగి వెళ్ళిన వాళ్ళూ ఉన్నారు.

దాన్ని ముంచింది ఆ నాణెమే. కాఫీ గింజల ధర పెరుగుతూ పోయినా యంత్రం ఆరు సెంట్లో ఏడు సెంట్లో తీసుకోలేదు. నష్టాన్ని కడుపులో పెట్టుకుని ఏళ్ళు లాక్కొచ్చారు. 1950లో కాఫీ ధరను ఒక్కసారిగా పది సెంట్లు చేశారు. రెట్టింపు ధర చూసి జనం తగ్గిపోయారు. తర్వాత ఆ కంపెనీయే కొన్ని ఆటోమాట్లను బర్గర్ కింగ్ దుకాణాలుగా మార్చింది. చివరిది 1991లో మూతపడింది.

ఇక లీజు. నా లెక్కలో అన్నిటికంటే ఎక్కువ ప్రాణాలు తీసిన కాగితం ఇదే. న్యూయార్క్‌లో ఇళ్ళ అద్దెల మీద నియంత్రణ ఉందని చాలామందికి తెలుసు. దుకాణాలకూ హోటళ్ళకూ కూడా 1945 నుంచి 1963 దాకా అలాంటి నియంత్రణ ఉండేదని తెలిసినవాళ్ళు తక్కువ. అది ఎత్తేశాక పదేళ్ళకో పదిహేనేళ్ళకో లీజు అయిపోయిన రోజున యజమాని ఎంతంటే అంత. క్లబ్బుకు ఇందులో ఓ దురదృష్టం ఉంది. పాడుబడిన పేటలో చవగ్గా దొరికిన చోట మొదలవుతుంది. దాన్ని వెతుక్కుంటూ జనం వస్తారు, జనం వల్ల పేటకు పేరొస్తుంది, పేరు వల్ల అద్దె పెరుగుతుంది. తాను తెచ్చిన గిరాకీకి తనే మూల్యం చెల్లిస్తుంది.

కింగ్ వీధిలోని ఓ పార్కింగ్ షెడ్డులో 1977లో మొదలైన ప్యారడైజ్ గరాజ్‌లో మద్యం అమ్మేవారు కాదు, సభ్యులకే ప్రవేశం. అందువల్ల బార్లు మూసే వేళ దాటి తెల్లవారేదాకా డాన్సు సాగేది. లారీ లెవన్ రికార్డులు వేస్తుంటే నల్లజాతి, లాటినో గే యువకులు తమదనుకున్న లోకం అది. 1987లో పదేళ్ళ లీజు అయిపోయింది, గరాజ్ ఆగిపోయింది. పంక్ సంగీతం పుట్టిన సీబీజీబీ 1973 నుంచి బవరీ వీధిలో ఉండి, అద్దె తగాదా తర్వాత 2006 అక్టోబరులో ప్యాటీ స్మిత్ కచేరీతో ముగిసింది. ఇక్కడ భవనం నడిపేది నిలువనీడ లేనివాళ్ళకు ఆశ్రయమిచ్చే సంస్థ. కాబట్టి దురాశపరుడైన యజమాని, అమాయకపు క్లబ్బు అన్న కథ ఇక్కడ అతకదు. తర్వాత అదే హాల్లో ఖరీదైన బట్టల దుకాణం పెట్టారు.

మరి వారసత్వ కట్టడాల చట్టం ఎందుకు కాపాడలేదని అడగొచ్చు. ఆ చట్టం 1965లో వచ్చింది. అది గోడలను కాపాడుతుంది, వ్యాపారాన్ని కాదు. సీగ్రమ్ భవనంలో ఫిలిప్ జాన్సన్ రూపకల్పన చేసిన ఫోర్ సీజన్స్ రెస్టారెంటు లోపలి భాగానికి 1989లో ఆ హోదా దక్కింది. 2016లో లీజు పొడిగించలేదు. ఫోర్ సీజన్స్ వాళ్ళు బయటికెళ్ళారు, కుర్చీలూ గిన్నెలూ వేలానికి వచ్చాయి. హాలు చెక్కుచెదరకుండా ఉంది, అందులో వేరే రెస్టారెంటు నడుస్తోంది.

క్యాబరే చట్టం 2017 నవంబరు దాకా బతికే ఉంది. రద్దయ్యే నాటికి నగరంలో దాదాపు ఇరవై అయిదు వేల బార్లు, హోటళ్ళలో ఆ లైసెన్సున్నవి వందలోపే. రద్దు తర్వాత కూడా ఏ పేటలో డాన్సు చేయవచ్చో చెప్పే జోనింగ్ నిబంధనలు మిగిలాయి, వాటిని 2024లో సవరించారు. దుకాణాలూ హోటళ్ళూ లీజు పొడిగించుకునే హక్కు కోసం నగర కౌన్సిల్లో 1980ల నుంచి ఓ బిల్లు మళ్ళీ మళ్ళీ వస్తూనే ఉంది. చిన్న వ్యాపారులు ప్రతిసారీ దాని వెనక నిలబడ్డారు, భవన యజమానుల సంఘాలు ప్రతిసారీ అడ్డుపడ్డాయి. అది ఇంతవరకూ చట్టం కాలేదు.